కాగితం విభాగంలో కెమిస్టుగా చేరుతున్నారా? ముందు గాలి సంగతి చూసుకోండి

ప్రభుత్వ ప్రయోగశాలలో కాగితం విభాగంలోనే ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నాకు ఆ పోస్టింగు వచ్చిన రోజున నాతోపాటు చేరినవాళ్ళంతా జాలిపడ్డారు. మందుల విభాగానికి గౌరవం ఉంటుంది, ఆహార కల్తీ విభాగం పేరు పేపర్లో పడుతుంది, కాగితానికేముంది, చింపడం, కాల్చడం, నానబెట్టడం, మడతపెట్టడం అంతేగా అన్నారు. పని అదే, కాదనను. కానీ చెడ్డ మందు సంగతి నెలలో బయటపడుతుంది. చెడ్డ కాగితం సంగతి బయటపడేసరికి ముప్పయ్యేళ్ళు పడుతుంది. అప్పటికి దాన్ని కొన్నవాళ్ళూ ఉండరు, పాస్ చేసినవాళ్ళూ ఉండరు. జనన మరణాల రిజిస్టరు పుట ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఆ రాలడాన్ని ముప్పయ్యేళ్ళ ముందే పట్టుకోవడం మన ఉద్యోగం.

ఈ విభాగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు, రావాలనుకునేవాళ్ళు ఏ క్రమంలో పని నేర్చుకుంటే మేలో చెబుతాను. ఎవరూ చెప్పక నేను దెబ్బలు తిని నేర్చుకున్న క్రమం ఇది.

చదువు

ఎంఎస్సీ కెమిస్ట్రీ చాలు. అనలిటికలా, ఆర్గానికా అన్నది పెద్ద తేడా కాదు. కాగితపు పీచుకి మూలపదార్థమైన సెల్యులోజ్ గురించి కాలేజీలో నేర్చుకున్నది ఒక్క పేజీకి మించి ఉండదు, మిగతాదంతా ఉద్యోగంలోకొచ్చాక చదువుకోవాల్సిందే. నిజంగా కొరతపడేది స్టాటిస్టిక్స్. మామూలు సగటు ఎక్కడ మోసం చేస్తుందో తెలియకుండా మడత పరీక్ష చేయకూడదు, ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది. వీలుంటే చేరిన మొదటి ఏడాదిలోనే ఒక పేపరు మిల్లులో నెల రోజులు గడపడానికి అనుమతి అడగండి. తీగల జల్లెడ మీద పలచటి గుజ్జు పరుచుకుని, నీళ్ళు దిగిపోయి షీటుగా మారడం కళ్ళారా చూస్తే, కాగితానికి రెండు దిక్కుల్లో రెండు బలాలెందుకో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పీచులు ప్రవాహం వెంట పడుకుంటాయి. అందుకే మెషీన్ దిశలో లాగితే గట్టిగా ఉంటుంది, అడ్డంగా లాగితే తొందరగా తెగుతుంది.

దిశ తెలియని ముక్క చేతికొస్తే చిన్న చదరం కత్తిరించి నీళ్ళ మీద వదలండి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం ఎటు పొడవుగా ఉందో అదే మెషీన్ దిశ. పీచులు తడిస్తే పొడవు కంటే లావు ఎక్కువ పెరుగుతాయి కాబట్టి అలా చుట్టుకుంటుంది.

గాలి

మా విభాగంలో ఖరీదైనవి యంత్రాలు, ముఖ్యమైనది గది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 187 ప్రకారం 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం సాపేక్ష తేమ. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ, తేమ రెండు శాతం అటూఇటూ పోవచ్చు, అంతకుమించి కుదరదు. కొత్తలో ఇది నాకు చాదస్తంగా అనిపించేది.

చేరిన రెండో ఏట లెడ్జరు కాగితం లాటొకటి వచ్చింది. తెగే బలం తక్కువొచ్చింది. ఫెయిల్ రాశాను, సరుకు తిప్పి పంపారు. సరఫరాదారు ఊరుకోలేదు, మళ్ళీ పరీక్ష చేయమన్నాడు. చేశాం, సుబ్బరంగా పాసయింది. మా ఆఫీసరు నన్ను పిలిచి ఒక్క మాటైనా అనకుండా లాగ్ బుక్కు తెరిచి నా ముందు పెట్టారు. మొదటి పరీక్ష సోమవారం పొద్దున జరిగింది. ఆదివారమంతా ఏసీ ఆగిపోయి ఉంది. గదిలో తేమ 71 శాతం. ఆ అంకె నా చేతిరాతలోనే ఉంది. రాశాను, చూడలేదు.

పీచుకీ పీచుకీ మధ్య పట్టు హైడ్రోజన్ బంధాలది. తేమ ఎక్కువైతే నీళ్ళు ఆ బంధాల మధ్య దూరి పట్టు సడలిస్తాయి, తెగే బలం పడిపోతుంది. అదే తేమకి పీచు మెత్తబడి వంగే గుణం పెరుగుతుంది కాబట్టి మడత సంఖ్య పైకి పోతుంది, చింపు బలం కూడా పెరుగుతుంది. అంటే ఆ సోమవారం మంచి కాగితం ఒక పరీక్షలో ఫెయిలైనట్టే, చెడ్డ కాగితం ఇంకో పరీక్షలో పాసయ్యే వీలుంది. నాకు భయం కలిగించింది రెండోదే. ఫెయిలైనవాడు అడగడానికి వస్తాడు, తప్పుగా పాసైనవాడు రాడు.

ఇంకో సంగతి. కాగితం ఎటునుంచి 50 శాతానికి వచ్చిందో గుర్తుంచుకుంటుంది. తడిసి ఆరుతూ వచ్చిన షీటులో, ఎండి తేమ పీల్చుకుంటూ వచ్చిన షీటు కంటే నీళ్ళు ఎక్కువుంటాయి. అందుకని ముందు పొడి గాలిలో, అంటే 10 నుంచి 35 శాతం తేమలో, 40 డిగ్రీలు దాటకుండా ఆరనివ్వాలి. తర్వాతే పరీక్ష గదిలోకి తేవాలి. రీముగా పెట్టొద్దు, గాలి తగిలేలా విడివిడిగా వేలాడదీయాలి. గంట తేడాతో రెండుసార్లు తూస్తే బరువులో మార్పు పావు శాతానికి మించకపోతే సిద్ధమైనట్టు. పై అధికారి తొందరపెడతారు, పెట్టనివ్వండి.

గాలి విలువ చెప్పడానికి 1951 నాటి కథ ఒకటుంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మూల ప్రతి, రాజ్యాంగ పత్రాలు చెడిపోకుండా ఏం చేయాలో తేల్చే పని అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కి అప్పగించారు. నిజానికి అవి కాగితాలు కావు, తోలు పత్రాలు. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు వాటికి మందేమీ పూయలేదు. గాజు పలకల మధ్య పెట్టి, గాలి తీసేసి, కొలిచి తేమ కలిపిన హీలియం నింపి మూసేశారు. పూర్తిగా పొడి వాయువు పెడితే తోలు పెళుసవుతుంది, తేమ ఎక్కువైతే ఇంకో రకంగా చెడుతుంది. అందుకని 25 నుంచి 35 శాతం మధ్య తేమ ఎంచుకున్నారు. వెనక పెట్టిన స్వచ్ఛమైన సెల్యులోజ్ కాగితం ఆ తేమను సర్దుతూ ఉండేది. తర్వాత గాజు చెడుతున్న ఛాయలు కనబడటంతో 2003 నాటికి కొత్త పెట్టెల్లో ఆర్గాన్‌లోకి మార్చారు. గాలిని అదుపులో పెట్టడమే అక్కడ వైద్యమైంది.

నమూనా

బండిల్ పైనున్న షీటు తీయొద్దు, అది ప్రయాణంలో ఎండనీ వాననీ చూసింది. అంచులు తీయొద్దు. సరఫరాదారు స్వయంగా తెచ్చిచ్చిన ముక్కలు అసలే వద్దు. తప్పనిసరై తీసుకుంటే రిపోర్టులో ‘పంపినవారు ఎంచిన నమూనా’ అని రాయండి, ఫలితం అందిన నమూనాకే వర్తిస్తుందని కూడా రాయండి. వేళ్ళ చెమట, ఆమ్ల క్షార గుణాలకి కొలమానమైన పీహెచ్ విలువని మార్చేస్తుంది కాబట్టి రసాయన పరీక్షకి పోయే షీట్లని చిమటాతోనో గ్లౌజులతోనో పట్టుకోవాలి.

ఆమ్లం

మన వృత్తికి మూలమైన శత్రువు ఇది. కాగితం మీద సిరా పాకకుండా ఉండాలంటే సైజింగు చేయాలి. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్ అనే ఆయన గుజ్జులోనే రోజిన్ అనే పైన్ చెట్టు జిగురు, పటిక కలిపి సైజింగు చేసే పద్ధతి ప్రకటించాడు. చవక, సులువు. అందరూ పట్టుకున్నారు. తర్వాత మిల్లులు ‘పటిక’ పేరుతో వాడింది అల్యూమినియం సల్ఫేటు. అది నీళ్ళతో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కాగితంలోనే ఉండిపోయి, గాలిలోని తేమ సాయంతో సెల్యులోజ్ గొలుసులని మధ్యమధ్యలో తెంపుతూ పోతుంది. ఆ శతాబ్దంలోనే గుడ్డపీలికల గుజ్జు పోయి నూరిన కలప గుజ్జు వచ్చింది, దాంతోపాటు కలపలో పీచులని అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ వచ్చింది. అందుకే నాలుగు వందల ఏళ్ళ నాటి గుడ్డ కాగితం ఇవాళ్టికీ వంగుతుంది, వందేళ్ళ నాటి పుస్తకం వంచితే విరుగుతుంది.

పీహెచ్ కొలవడం చూడటానికి చిన్న పని. సాధారణంగా వాడే ఒక పద్ధతిలో ఒక గ్రాము కాగితం ముక్కలు చేసి 70 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో గంట నానబెట్టి ఎలక్ట్రోడు పెడతారు. తప్పు జరిగేది నీళ్ళ దగ్గర. డబ్బాలో నిలవున్న డిస్టిల్డ్ వాటర్ గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని తనే పుల్లబడి ఉంటుంది. మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి. ప్రతిసారీ కాగితం లేని నీళ్ళ పీహెచ్ కూడా రాసిపెట్టుకోండి. ఇక పీహెచ్ పెన్ను సంగతి. గీస్తే ఊదా, పసుపు రంగులు చూపించేది. కొనుగోలు సరుకు మీద పైపైన చూసుకోవడానికి పనికొస్తుంది. పాత పత్రం మీద మాత్రం ఎవరెంత బతిమాలినా గీయొద్దు, ఆ గీత పోదు. అది పై పొరనే చూస్తుంది కూడా, లోపల ఆమ్లమున్న కాగితానికి సున్నపు పూత ఉంటే మోసపోతారు.

పీహెచ్ ఇవాళ్టి స్థితి చెబుతుంది. రేపటి సంగతి చెప్పేది క్షార నిల్వ, అంటే ముందుముందు పుట్టే ఆమ్లాన్ని విరిచేయడానికి కాగితంలో ఉన్న క్షారం. శాశ్వత కాగితానికి 1994లో వచ్చిన ప్రమాణం ఐఎస్ఓ 9706లో పీహెచ్ 7.5 నుంచి 10 మధ్య ఉండాలి, కాల్షియం కార్బొనేటుగా లెక్కిస్తే కనీసం 2 శాతం క్షార నిల్వ ఉండాలి, లిగ్నిన్‌కి కొలమానమైన కప్పా సంఖ్య 5 లోపుండాలి. చింపు బలానికి కూడా హద్దుంది. ఈ 2 శాతం దగ్గరే ఎక్కువ గొడవలు జరుగుతాయి కాబట్టి లెక్క విడమరిచి చెబుతాను.

గ్రాము కాగితానికి 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మి.లీ. వేసి, మెల్లగా మరిగించి కార్బన్ డయాక్సైడు పోగొట్టి, మిగిలిన ఆమ్లాన్ని 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడుతో టైట్రేట్ చేశారనుకోండి. 16.1 మి.లీ. పట్టింది. అంటే కాగితం తిన్నది 3.9 మి.లీ. ఒక్కో మి.లీ.కి 5 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటు, మొత్తం 19.5 మిల్లీగ్రాములు. గ్రాముకి 1.95 శాతం, ఫెయిల్. ఆగండి. ఆ గ్రాములో 6 శాతం నీళ్ళున్నాయి. పొడి బరువు 0.94 గ్రాము. దాని మీద లెక్కిస్తే 2.07 శాతం, పాస్. లెక్కకి ఆధారం పొడి బరువు. అందుకే తేమ శాతాన్ని అదే రోజు, అదే నమూనా మీద, పక్కనే పెట్టి కొలవాలి. నిన్నటి తేమ అంకెతో ఇవాళ్టి లెక్క వేయడం పప్పులో కాలేయడమే.

మడత యంత్రం

ఎమ్ఐటీ మడత యంత్రంలో 15 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ పెట్టి, దాదాపు కిలో బరువు లాగుడు ఇచ్చి, అటు 135 డిగ్రీలు, ఇటు 135 డిగ్రీలు వంచుతూ తెగేదాకా లెక్కపెడతాం. కాగితం వయసు మీద పడటాన్ని అన్నిటికంటే ముందు పట్టిచ్చేది ఈ పరీక్షే. తెగే బలం ఇంకా బాగానే కనిపిస్తున్నప్పుడు మడత సంఖ్య సగానికి పడిపోయి ఉంటుంది. అమెరికాలో పాత పత్రాలు బాగుచేసే విలియం బారో 1900 నుంచి 1949 మధ్య అచ్చయిన అయిదు వందల పుస్తకాలు తీసుకుని వాటి కాగితం బలం కొలిచి 1959లో ఫలితాలు బయటపెడితే గ్రంథాలయాలు ఉలిక్కిపడ్డాయి. ఆ కొలతల్లో మడత పరీక్ష ముఖ్యమైనది.

కాకపోతే ఇంత నిలకడలేని పరీక్ష ఇంకొకటి లేదు. ఒకే షీటు, పక్కపక్క పట్టీలు, ఒకటి 40 మడతలకి తెగుతుంది, ఇంకొకటి 300 దాకా పోతుంది. సగటు తీస్తే ఆ ఒక్క మొండి పట్టీ అంకెని మొత్తం పైకి లాగేస్తుంది. మూడు పట్టీలకి 10, 100, 1000 వచ్చాయనుకోండి. మామూలు సగటు 370. ఆ మూడిట్లో ఏదీ దాని దరిదాపుల్లో లేదు. సంవర్గమానాలు తీస్తే 1, 2, 3. సగటు 2, అంటే 100. అందుకే ఐఎస్ఓ పద్ధతిలో మడత ఓర్పు అంటేనే సంవర్గమానం. పాత రిపోర్టులతో పోల్చేటప్పుడు ఎదుటివాళ్ళది ఏ అంకో ముందు అడిగి తెలుసుకోండి. ప్రతి దిశలో కనీసం పది పట్టీలు చేయండి. యంత్రం దవడ అంచు అరిగిందేమో ఏడాదికోసారి చూడండి. నునుపుగా అరిగిన దవడ కాగితాన్ని కరుణిస్తుంది.

కంటితో చూసేవి

రెండు చుక్కల పరీక్షలు మొదటి వారంలోనే నేర్చుకోవాలి. ఫ్లోరోగ్లూసినాల్ ద్రావణం, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి చుక్క వేస్తే నూరిన కలప గుజ్జు ఎర్రబడుతుంది. కొన్ని రంగులు వట్టి ఆమ్లానికే ఎర్రబడతాయి కాబట్టి పక్కన ఆమ్లం మాత్రమే ఒక చుక్క వేసి చూడాలి. అయొడిన్ చుక్క నీలమైతే పిండి సైజింగు ఉంది.

సూక్ష్మదర్శిని మాత్రం వారంలో రాదు. ఏళ్ళు పడుతుంది. కాగితం ముక్కని పలచటి క్షారంలో మరిగించి, కడిగి, పరీక్షనాళికలో గట్టిగా ఊపి, పీచులు విడదీసి స్లైడు మీద వేయాలి. హెర్జ్‌బెర్గ్ రంగు వేస్తే గుడ్డ పీచు ద్రాక్షసారా రంగుకొస్తుంది, రసాయన గుజ్జు నీలమవుతుంది, నూరిన కలప పసుపు పచ్చగా ఉంటుంది. రంగుని మాత్రమే నమ్మకండి, ఆకారం చూడండి. పత్తి మెలితిరిగిన రిబ్బను. దేవదారు జాతి కలపలో గుండ్రటి గుంటలు వరసగా కనబడతాయి. గడ్డి గుజ్జులో రంపపు పళ్ళ అంచున్న కణాలుంటాయి. తెలిసిన గుజ్జులతో సొంత స్లైడ్ల పెట్టె తయారు చేసుకోండి, అనుమానం వచ్చినప్పుడు పుస్తకంలో బొమ్మ కంటే మీ స్లైడే గట్టి సాక్ష్యం.

కోర్టుల నుంచి పత్రాలొస్తాయి. అతినీలలోహిత దీపం కింద కాగితం నీలంగా మెరిసిందంటే అందులో తెల్లదనం పెంచే ఆప్టికల్ బ్రైటెనరు ఉంది. 1950 ప్రాంతానికి ముందు కాగితంలో వాటి వాడకం లేదు. 1930 నాటి వీలునామా అన్నది తళతళా మెరిస్తే అనుమానించాలి. తీర్పు చెప్పడం మాత్రం మన పని కాదు. ‘బ్రైటెనరు ఉంది’ అని రాయండి, ‘దొంగ పత్రం’ అని రాయకండి. నేను నా మూడో సాక్ష్యంలో ఒక్క మాట ఎక్కువ చెప్పి, రెండు గంటలు బోనులో నిలబడ్డాను.

‘ఎన్నేళ్ళుంటుంది?’

ప్రతి శాఖా అడిగే ప్రశ్న ఇదే. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచితే పాతికేళ్ళ సహజ వృద్ధాప్యంతో సమానమని పాత లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. రిపోర్టులో దాన్ని రాయకండి. ఓవెన్ కాగితాన్ని ఎండగడుతుంది, అసలు కాగితం తేమలో ముసలిదవుతుంది. 80 డిగ్రీలు, 65 శాతం తేమలో చేసే పద్ధతి కాస్త నయం. దానితో కూడా ఈ కాగితం ఆ కాగితం కంటే మెరుగు అని చెప్పగలమే తప్ప ఏళ్ళ లెక్క చెప్పలేం. పక్కన పోల్చడానికి తెలిసిన కాగితం పెట్టకుండా ఓవెన్ తలుపు మూయొద్దు.

పరిశోధన ఎక్కడ దొరుకుతుంది

‘రొటీన్ నమూనాలతోనే పొద్దు గడిచిపోతోంది, పరిశోధన ఎప్పుడు చేస్తాం’ అని కుర్రవాళ్ళు విసుక్కుంటారు. నాకు పరిశోధన రొటీన్‌లోనే దొరికింది. ఒక కార్యాలయం ఫిర్యాదుగా రిజిస్టరు పుట ఒకటి పంపింది. మంచి కాగితం, దాని మీద సరిగ్గా న్యూస్‌ప్రింటు చీటీ కొలతతో గోధుమరంగు చదరం. చీటీ ఎవరో గుర్తుకోసం పెట్టి మర్చిపోయారు. అది మచ్చ అనుకుని పక్కన పడేయొచ్చు. చదరం లోపల, బయట పీహెచ్ తీశాను. లోపల పుల్లగా ఉంది. చీటీలోని ఆమ్లం పొరుగు పుటలోకి పాకింది. వడపోత కాగితాల మధ్య న్యూస్‌ప్రింటు పెట్టి, కొన్ని కట్టలుగా, కొన్ని విడిగా తేమ ఓవెన్‌లో పెట్టి చూశాను. కట్టలో ఉన్నవే ఎక్కువ చెడ్డాయి, పుట్టిన ఆమ్లం బయటికి పోయే దారి లేక. పుస్తకం అంటేనే కట్ట కదా. ఆ చీటీ వెంటే అయిదేళ్ళు నడిచాను. ఫిర్యాదు ఉత్తరాలని ఫైల్లో పెట్టే ముందు రెండుసార్లు చదవండి.

చివరగా ఒక పని, చేరిన వారంలోనే మొదలుపెట్టాల్సింది. మీ చేతికొచ్చిన ప్రతి ఆసక్తికరమైన కాగితంలో ఇరవై షీట్లు, ఇవాళ్టి పీహెచ్, క్షార నిల్వ, మడత, చింపు అంకెలతో సహా చీకటి బీరువాలో దాచండి. ఓవెన్ చెప్పింది నిజమో కాదో వాటి ద్వారానే తేలుతుంది. నా మొదటి విడత నమూనాలన్నీ ఆఫీసు గోధుమరంగు కవర్లలో పెట్టాను. పదిహేనేళ్ళకి తీస్తే పై షీటూ అడుగు షీటూ పసుపెక్కి ఉన్నాయి, కవర్ల ఆమ్లం వాటికి పట్టింది. ఆమ్లం పాకడం మీద వ్యాసం రాసిన నాలాంటి మనిషి బీరువా అది. క్షార నిల్వ ఉన్న కాగితంతో కవర్లు మీరే మడుచుకోండి, పైన పెన్సిలుతో తేదీ రాయండి, కవరు కాగితం పీహెచ్ కూడా రాయండి.